మీ అరవై మూడు చీటీలూ చదివాను

తమ్ముడూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. పంపిన ఫోటోలకి మాత్రం మూడు రాత్రులు పట్టింది. సగం చీటీల్లో రాత కోడి గీరినట్టుంది. మిగతా వాళ్లకి కూడా విషయం అర్థం కావాలి కాబట్టి మీ ప్రశ్నని నాలుగు ముక్కల్లో చెప్పి మొదలుపెడతాను.

మీరు ఏడుగురు కలిసి, చేతి డబ్బు ఆరున్నర లక్షలు పెట్టి, గంటా నలభై నిమిషాల సినిమా తీశారు. కథ చిత్తూరు పక్కన ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ చుట్టూ తిరుగుతుంది. అక్కడ లెక్కలు రాసే పెళ్లయిన ఆవిడ, కాయలు తూచి దించుకునే ర్యాంపులో కాటా చూసే కుర్రాడు, ఆ కుర్రాడిని సొంత తమ్ముడిలా చూసుకునే ఆవిడ భర్త. సీజన్‌తో మొదలైన సంబంధం సీజన్ ముగిసేసరికి బయటపడుతుంది. కుర్రాడు మేనమామ కూతుర్ని చేసుకుని ఊరు దాటిపోతాడు. భర్తకి అంతా తెలుసు. ఒక్క మాట అనకుండా కూర్చుని అన్నం తింటాడు. అంతే, పేర్లు పడతాయి. దీన్ని తిరుపతిలో ఒక కాలేజీ హాల్లో ఎనభై మందిని పిలిచి చూపించారు, చీటీలు రాయించారు. అరవై మూడు వచ్చాయి. ఒకరు ‘ఇట్లాంటి సినిమా మన జిల్లాలో రాలేదు’ అన్నారు, ఇంకొకరు ‘ఛీ’ అని ఒక్క అక్షరంతో సరిపెట్టారు. డబ్బు పెట్టిన మీ స్నేహితులేమో చివర మార్చాలి, ఆవిడ విషం తాగాలి, లేదా భర్త ఇంట్లోంచి గెంటేయాలి అంటున్నారు. జనం మాట వినాలా, వద్దా, వింటే ఎవరి మాట వినాలి అని మీ ప్రశ్న.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఈయనెవరు మాకు చెప్పడానికి అనుకుంటారు. నేను తొమ్మిదేళ్లు థియేటర్లో ఆపరేటర్ని. రెండు వేల అడుగుల రీలు ఇరవై రెండు నిమిషాలు ఆడుతుంది. అది అయిపోయేలోపు రెండో మిషన్లో ఇంకో రీలు ఎక్కించుకుని, తెర కుడివైపు పై మూల చుక్క పడగానే మార్చాలి. ఆ మధ్యలో చేసే పనేమీ ఉండదు. చిన్న కంతలోంచి కిందికి చూడటమే. తెర కంటే జనాన్నే ఎక్కువ చూశాను. ఎక్కడ సీట్లు కిర్రుమంటాయో, ఎక్కడ బీడీ వెలుగుతుందో, ఎక్కడ బాల్కనీలో ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారో. డిజిటల్ వచ్చాక ఆ ఉద్యోగం పోయింది. అప్పట్నుంచి ఇక్కడే చిన్న సినిమాలకి, పోటీ నాటకాలకి ప్రదర్శనలు ఏర్పాటు చేస్తున్నాను, ఆట అయ్యాక జనంతో మాట్లాడిస్తున్నాను. సినిమా తీయడం నాకు రాదు. చూసేవాళ్ల సంగతి కొంత తెలుసు. మీరు లింకు కూడా పంపారు కాబట్టి సినిమా కూడా చూశాను.

ముందుగా చీటీల్లోంచి పద్దెనిమిది పక్కన పడేశాను. అవి మీ బంధువులవీ, పనిచేసినవాళ్లవీ. రాత చూసి పట్టుకోలేదు లెండి. ‘చాలా కష్టపడ్డారు’ అని రాశారు. కష్టం సంగతి బయటివాళ్లకి తెలియదు, తెలిసినవాడే రాస్తాడు. ఈసారి ఆట వేసేటప్పుడు వాళ్లని పిలవండి, భోజనం పెట్టండి, చీటీ మాత్రం ఇవ్వకండి.

ఇక ‘స్లో’ అన్న మాట. పదహారు మంది రాశారు, మీరు దానికే ఎక్కువ బాధపడ్డారు. స్లో అనేది జ్వరం లాంటిది తమ్ముడూ, జబ్బు పేరు కాదు. మీ చీటీల మీద వరస నంబర్లు ఉన్నాయి, ఎవరెక్కడ కూర్చున్నారో రాసిపెట్టుకున్నారు, ఆ ఒక్క పని మాత్రం బ్రహ్మాండంగా చేశారు. ఆ పదహారింటిలో పదకొండు వెనక నాలుగు వరసలవి. ముందు కూర్చున్నవాళ్లకి వేగంగా, వెనక కూర్చున్నవాళ్లకి నిదానంగా నడిచే సినిమా ఉండదు కదా. ఆ హాలు నాకు తెలుసు. రేకుల కప్పు, నాలుగు పక్కలా ఖాళీ గోడలు, మాట బయల్దేరి తిరిగొచ్చి ఇంకో మాట మీద పడుతుంది. మీ హీరోయిన్ సగం డైలాగులు గొంతులోనే అంటుంది. వెనకవాళ్లకి వినపడలేదు. వినపడనప్పుడు మనిషి వినపడలేదని రాయడు, బోర్ కొట్టిందని రాస్తాడు. ఒక్కాయన మాత్రం నిజాయితీగా ‘సౌండు లే’ అని రాసి సంతకం పెట్టాడు. ఎడిటింగ్ మీద చెయ్యి వేయకముందు మాటల ట్రాక్ మళ్లీ మిక్స్ చేయించండి. ఈసారి గోడలకి దుప్పట్లు కట్టినా సరే, లేదా సరైన హాలు దొరికేదాకా ఆగినా సరే. మిగిలిన ఐదుగురికి నిజంగానే నిదానంగా అనిపించింది. వాళ్లు చెప్పేది పల్ప్ మరిగే షాట్ గురించి. అది నాకూ నిదానమే. తీసేయమనను, మీరు ఎందుకు పెట్టారో అర్థమైంది. ఒకసారి చాలు, మూడుసార్లు అక్కర్లేదు.

మారు మాట్లాడకుండా వినాల్సిన అభిప్రాయాలు కొన్ని ఉంటాయి. ఇరవై ఏడో నంబరు చీటీ రైతుది. ‘జూన్‌లో ర్యాంపు కాడ లారీ అరగంటలో దిగిందంటే నేను నమ్మను. మేము ట్రాక్టర్ కింద పడుకొని తెల్లవార్లూ కాచుకొని ఉంటాము’ అని రాశాడు. మీ కథలో వాళ్లిద్దరూ మొదటిసారి ఒంటరిగా మాట్లాడుకునేది ఆ లారీ దిగే అరగంటలోనే. తోతాపురి మామిడి కోత ముమ్మరంగా ఉన్నప్పుడు ఫ్యాక్టరీ గేటు బయట బండ్లు ఎంత దూరం నిలబడతాయో చిత్తూరు వైపు పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. ఆయన తప్పు పట్టినట్టు కనిపిస్తుంది గానీ మీకు వరమిచ్చాడు. అరగంట దొంగ చూపుల బదులు ఒక రాత్రంతా వరుసలో నిలిచిన బండ్లు, నిద్రపోని రైతులు, కాటా దగ్గర ఒక్క బల్బు, వీళ్లిద్దరికీ లెక్క తేలక తెల్లవారిపోవడం. ఈ ఒక్క రాత్రి పడితే వాళ్ల మధ్య ఆకర్షణ ఎలా పుట్టిందో మీరు డైలాగుల్లో చెప్పనక్కర్లేదు. మళ్లీ షూట్ చేయాలంటే వచ్చే సీజన్ దాకా ఆగాలి, తెలుసు. ఆగండి.

ఇప్పుడు అసలు సంగతి. మిగిలిన చీటీల్లో ఎక్కువ భాగం ఒక్కటే అడుగుతున్నాయి. ‘ఆయమ్మను ఊరికే వదిలేస్తిరే?’ ‘తప్పు చేసినోళ్లకు ఏం జరిగిందో చూపించలేదు.’ ‘ఆయప్ప మొగోడేనా?’ మీ స్నేహితులు వీటిని చూసే కంగారుపడి విషం సీసా తెస్తున్నారు. మీరేమో మీ ఉత్తరంలో ‘మన ఆడియెన్స్ ఇంకా ఎదగలేదు’ అని రాశారు. ఆ మాట నాకు నచ్చలేదు. చూసేవాడు మీ హాలుకి ఖాళీ బుర్రతో రాడు. వాడు పుట్టినప్పట్నుంచి కోరిక మీద, మోసం మీద కథలు చూస్తూనే ఉన్నాడు, అవి కూడా మీ సినిమా కంటే పచ్చిగా.

మన తిరుపతి గంగమ్మ జాతర తీసుకోండి. ఏటా మేలో తాతయ్యగుంట చుట్టూ వీధులన్నీ వేషాలతో నిండిపోతాయి. కథ ఏమిటి? కనపడిన ఆడపిల్లనల్లా చెరపట్టే పాలెగాడు, వాణ్ణి వెతుక్కుంటూ రోజుకో వేషం కట్టే అమ్మవారు. బండ వేషం రోజు నడివీధిలో వినపడే తిట్లు మీ సినిమాలో ఒక్కటి పెట్టినా సెన్సారు వాళ్లు లేచి నిలబడతారు. దొర వేషం రోజు పాలెగాడు దొరుకుతాడు, తల తెగుతుంది. ఇక చిత్తూరు పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరిగితే పద్దెనిమిది రోజులు మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధి నాటకం. కీచకుడి కోరికకి ఏం జరిగిందో, నిండు సభలో చీర పట్టుకున్నవాడికి ఏం జరిగిందో మట్టితో చేసిన అంత పొడుగు దుర్యోధనుడి తొడ సాక్షిగా ఊరంతా చూస్తుంది. ఇట్లా చూసి పెరిగినవాడు మీ హాల్లో కూర్చుని, చివర్లో భర్త మౌనంగా అన్నం కలుపుకుంటుంటే ‘తొడ విరిగేదెప్పుడు’ అని అడిగాడు. అది ఎదగకపోవడం కాదు. వాడికి తెలిసిన కథ పద్ధతిలో లెక్క తేలాలి. మీరు తేల్చలేదు, తేల్చడం లేదని ముందుగా సూచన కూడా ఇవ్వలేదు.

కానీ ఇదే ఊళ్లో ఇంకో పద్ధతి కూడా ఉంది, దాన్ని మీరు గానీ మీ స్నేహితులు గానీ గుర్తు చేసుకోలేదు. దొర వేషం తరువాత వచ్చేది మాతంగి. పాలెగాణ్ణి చంపిన అమ్మవారు ఆ వేషంలో వెళ్లేది వాడి పెళ్లాన్ని ఓదార్చడానికి. ఎన్నో ఏళ్లు ఆ వేషాలు చూశాను, ఈ సంగతి ఒక ముసలామె చెప్పేదాకా నేను పట్టించుకోలేదు. శిక్ష అయిపోయిన మర్నాడు కూడా కథ ఉంది, ఆ కథ ఇంట్లో మిగిలిన మనిషిది. అన్నమయ్యని చూడండి. దొరికిన కీర్తనల్లో శృంగారానివే ఎక్కువ. ఆ శృంగారంలో సగం తగాదాలే. రాత్రి ఎక్కడో గడిపి తెల్లవారాక ఇంటికొచ్చిన మగణ్ణి వాకిట్లో నిలబెట్టి, ఒంటి మీద గుర్తులు ఒక్కొక్కటే చూపిస్తూ ఎత్తిపొడిచే ఇల్లాలు. పాతవాళ్లు ఆమెకి ఖండిత అని పేరు కూడా పెట్టారు. అక్కడ మోసం చేసినవాడు సాక్షాత్తూ దేవుడు. వాడికి శిక్ష లేదు, తొడ విరగదు. ఆ మాటలు ఉన్నాయి, అంతే. ఆ పాటలు మైకుల్లో వింటూ మనం బస్టాండులో టీ తాగుతాము.

అంటే మీ ముగింపు మన జనానికి పరాయిది కాదు. ఖండిత మాట్లాడుతుంది, మీ భర్త మాట్లాడడు. తేడా అక్కడుంది. మౌనం పెట్టినప్పుడు ఆ మౌనంలో ఏముందో చూసేవాడు ముందే విని ఉండాలి. మీ భర్త పాత్ర మొదట్నుంచీ మితభాషి. మాట్లాడని మనిషి మాట్లాడకపోతే అది మౌనం అవదు, అలవాటు అవుతుంది. అతన్ని మొదటి అరగంటలో వాగుడుకాయని చేయండి. ఆ కుర్రాడితో జోకులు, భార్యతో అడ్డమైన కబుర్లు, కూరలో ఉప్పు గురించి పంచాయితీ. చివర అతని నోరు ఆగిపోతే హాలంతా ఊపిరి బిగబట్టి చూస్తుంది. విషం సీసా అవసరం రాదు. దీనికి కొత్త లొకేషన్ కూడా అక్కర్లేదు, ఇల్లు మీ చేతిలోనే ఉంది.

శిక్ష మాట వచ్చింది కాబట్టి పక్క సంగతి ఒకటి. ముప్పై ఎనిమిదో చీటీ రాసిన పెద్దమనిషి ‘భర్త ఆ కుర్రాడి మీద కేసు పెట్టకపోవడం సహజంగా లేదు’ అన్నాడు. రిటైరైన ఉద్యోగి అయి ఉంటాడు, చేతిరాత అంత ముత్యాల్లా ఉంది. 1860 నాటి శిక్షాస్మృతిలో 497 సెక్షన్ ఉండేది నిజమే. పరాయివాడి భార్యతో సంబంధం పెట్టుకున్న మగవాడి మీద ఆ భర్త కేసు పెట్టొచ్చు. అదే భర్త పరాయి స్త్రీతో తిరిగితే భార్యకి ఆ సెక్షన్ కింద దిక్కు లేదు. 2018 సెప్టెంబర్ 27న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని కొట్టేసింది, 2024 జూలై నుంచి వచ్చిన కొత్త న్యాయ సంహితలో కూడా అది లేదు. విడాకులకి మాత్రం పరాయి సంబంధం ఇప్పటికీ కారణమే. కాబట్టి ఇవాళ జరిగే కథలో పోలీసు స్టేషన్ సీన్ పెడితే అదే తప్పవుతుంది. మీ స్నేహితులకి ఈ ముక్క చెప్పండి, ఒక ఆలోచన అయినా తగ్గుతుంది.

చీటీలని నచ్చింది, నచ్చలేదు అని రెండు కట్టలు కట్టారు మీరు. నేను ఇంకో రకంగా పేర్చాను. ప్రతి మనిషీ ఏదో ఒక నిమిషంలో ఆ పాత్ర మొహం మీద తలుపు వేసేస్తాడు. ఆ నిమిషం తరువాత మీరు ఎంత బాగా తీసినా వాడు లోపలికి రాడు. ఆ నిమిషం ఏదో వెతికాను. మీరేమో అది ముద్దు సీన్ అని భయపడుతున్నారు, దాన్ని తగ్గించాలా అని మూడు చోట్ల అడిగారు. అసభ్యం అని రాసినవి ఎన్నో లెక్కపెట్టారా? నాలుగు. అందులో ఒకడిది, ‘ముద్దు సీను ఉందని ముందే చెప్పుంటే అమ్మను పిల్చుకొని వచ్చేవాణ్ణి కాదు.’ వాడి బాధ సినిమాతో కాదు, పక్క సీటుతో. వాళ్లమ్మ చీటీ కూడా ఉంది, నంబర్లు పక్కపక్కనే. ఆమెకి ముద్దుతో ఏ ఇబ్బందీ రాలేదు.

తలుపు పడింది యాభై ఎనిమిదో నిమిషంలో. ఆవిడ కొడుక్కి జ్వరమని భర్తకి ఫోన్ చేసి చెప్పి, పిల్లవాణ్ణి పక్కింట్లో వదిలి, కుర్రాణ్ణి కలవడానికి వెళుతుంది కదా, అక్కడ. ‘సినిమా బాగుంది గానీ బిడ్డను అడ్డం పెట్టుకోవడం బాగలేదు.’ ‘బిడ్డకు జ్వరమని ఏ తల్లీ నోటితో అనదు.’ ‘అంతవరకూ ఆయమ్మ మీద నాకు జాలి ఉన్నింది.’ పంతొమ్మిది చీటీలు ఏదో ఒక రకంగా అక్కడికే వస్తున్నాయి, ‘వదిలేస్తిరే’ అన్నవాటిలో సగం కూడా. చదివితే కోరిక మీద కోపమనిపిస్తుంది. కోపం ఆ అబద్ధం మీద. వాళ్లు ఆవిడ మోహాన్ని యాభై ఏడు నిమిషాలు ఓపిగ్గా చూశారు, కొందరు లోలోపల ఆవిడ పక్కనే ఉన్నారు కూడా.

మన జనం తప్పు తూచేటప్పుడు ఎప్పుడూ వేసే ప్రశ్న ఒకటుంది. తెలిసి చేసిందా, తెలియక చేసిందా? అహల్య కథే చూడండి. వాల్మీకి బాలకాండలో వచ్చినవాడు ముని వేషంలో ఉన్న ఇంద్రుడని ఆమెకి తెలుసు, తెలిసే ఒప్పుకుంది. మన ఇళ్లలో చెప్పుకునే కథలో ఆమెకి తెలియదు, కోడి కూసిందని మొగుడు నదికి పోయాడు, మొగుడి రూపంలో వచ్చినవాణ్ణి మొగుడే అనుకుంది. ఎందుకు మార్చుకున్నారు? ఆమెని క్షమించాలని ఉంది, తెలిసి చేసిందంటే క్షమించడం కష్టం, అందుకని తెలియనితనం ఒకటి జోడించారు. మీ ఆవిడకి ఆ వెసులుబాటు లేదు, ఉండనక్కర్లేదు కూడా. పెద్దవాళ్ల కథ తీశారు, ఆవిడ తెలిసే చేసింది. అయితే తెలిసి చేసే మనిషి ఆ జ్వరం మాట అనేటప్పుడు ఆమె మొహం మనకి కనపడాలి. మీరు ఆ ఫోన్ కాల్ని బయట నుంచి, కిటికీ ఊచల వెనక, వీపు వైపు నుంచి తీశారు. అందంగా ఉంది షాట్. కానీ చూసేవాడికి ఆ క్షణంలో ఆవిడ వణికిందో లేదో తెలియలేదు. తెలియక, వణకలేదని నిర్ణయించుకున్నాడు. ఆ అబద్ధాన్ని తీసేయకండి, సినిమాలో అన్నిటికంటే నిజమైన చోటు అది. మొహం చూపించండి. ఆ రాత్రి పిల్లవాడి నుదుటి మీద చెయ్యి వేసి చూసే చిన్న షాట్ ఒకటి ఉంటే ఇంకా మేలు. అబద్ధమాడి వచ్చిన తల్లి నిజంగానే జ్వరం వచ్చిందేమోనని భయపడుతుంది. మా ఇంట్లోవాళ్లని అడిగాను, అవునన్నారు.

ఇంకో విచిత్రం. అరవై మూడు చీటీల్లో ఆ కుర్రాడి గురించి మాట్లాడినవి ఐదు. నమ్మినవాడి ఇంట్లో తిని, ఆ ఇంటి మనిషితో తిరిగి, చివర ఆవిడకి కూడా చెప్పకుండా పెళ్లి చేసుకున్నవాడు. లెక్క చూస్తే రెండు ద్రోహాలు వాడివి. ఒక్కరికీ కోపం రాలేదు. మగవాళ్లని జనం వదిలేస్తారు అని మీరు విసుక్కోవచ్చు, అందులో నిజం లేకపోలేదు. అయినా మీ తప్పు ఎక్కువ. ఆ కుర్రాడికి సినిమాలో ఇల్లు లేదు, అమ్మ లేదు, అప్పు లేదు, మేనమామ పేరు తప్ప మేనమామ లేడు. బైకు మీద వస్తాడు, బైకు మీద పోతాడు. మనిషే కానివాడి మీద కోపం ఎవరికి వస్తుంది? అన్నం పెట్టిన చేతిని కరిచే ముందు వాడు ఒక్కసారైనా తటపటాయించాలి, ఆ భర్తతో కలిసి తింటూ ముద్ద మింగుడుపడని సీన్ ఒక్కటైనా ఉండాలి. నన్నడిగితే మీరు తిరిగి రాయాల్సింది ముగింపు కాదు, ఈ కుర్రాణ్ణి.

ఆడవాళ్ల చీటీలు పదిహేడు, అందులో తొమ్మిది రెండు మాటలకి మించలేదు. ‘బాగుంది’, ‘పర్వాలేదు’. మొగుడి పక్కనో అన్న పక్కనో కూర్చుని, ఒకే పెన్ను అడిగి తీసుకుని, ఇలాంటి సినిమా మీద ఇంకేం రాస్తారు? ఈసారి పెన్నులు విడిగా ఇవ్వండి, డబ్బాలు రెండు పెట్టండి, ఇంటికెళ్లి రాసి మర్నాడు ఫోనులో పంపొచ్చని చెప్పండి. ఇంటికెళ్లాక వచ్చే మాట వేరుగా ఉంటుంది. ఒకసారి ఒకావిడ నాకు మూడో రోజు ఫోన్ చేసి నలభై నిమిషాలు మాట్లాడింది, హాల్లో మాత్రం ‘బాగుంది’ అనే రాసింది.

పేర్ల సంగతి. ఇద్దరు ‘కాటా అబ్బాయికి ఆ ఇంటిపేరే ఎందుకు పెట్టారు’ అని అడిగారు. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. 2022 జనవరిలో మన రాష్ట్ర ప్రభుత్వం ‘చింతామణి’ నాటకాన్ని నిషేధించింది. తరాలుగా ఆడిన నాటకం, కథ అంతా వేశ్యాలోలత్వం మీదే. ప్రభుత్వం దాకా వెళ్లిన అభ్యంతరం ఆ కోరిక మీద కాదు, సుబ్బిశెట్టి పాత్రతో ఒక కులాన్ని కించపరుస్తున్నారన్నది. మోసం చేసేవాడికి కులం గుర్తు తగిలిస్తే జనం మోసాన్ని వదిలి ఆ గుర్తునే పట్టుకుంటారు. మీ కథకి ఆ ఇంటిపేరు అక్కర్లేదు. డబ్బింగ్‌లో ఒక్క మాట మారిస్తే పోతుంది.

సర్టిఫికెట్ గురించి అడిగారు కాబట్టి, టికెట్ పెట్టి హాల్లో వేయాలంటే సెన్సారు తప్పదు, హైదరాబాద్ ఆఫీసుకి వెళ్లాలి. ఇప్పుడు పిల్లలు పెద్దవాళ్ల అనుమతితో చూసే ‘యూఏ’ సర్టిఫికెట్లో 7, 13, 16 ఏళ్లని మూడు మెట్లున్నాయి. మీది పదహారు దగ్గర ఆగుతుందని నా అంచనా. పెద్దలకి మాత్రమే అనే ‘ఏ’ సర్టిఫికెట్ వస్తే ఉన్నది ఉన్నట్టు టీవీలో వేయడానికి కుదరదు, అది గుర్తుంచుకోండి. ఎవరో అడుగుతారని ముందే మీరు కత్తెర పట్టకండి.

చివరికి ఒక చీటీ మిగిలింది. నలభై ఒకటో నంబరు. మీరు దాని ఫోటో మీద ‘జోక్’ అని రాసి పక్కన పెట్టారు. అందులో ఉన్నది ఒక్క వాక్యం: ‘ఆ రోజు క్యారియర్ కడిగింది ఎవరు?’

చదివి నేను నవ్వలేదు. మళ్లీ సినిమా పెట్టుకుని చూశాను. భర్త రోజూ తీసుకెళ్లే మూడు గిన్నెల క్యారియర్ ఉంది కదా, రాత్రి ఆవిడ దాన్ని విప్పి, ఎండిపోయిన సాంబారు గీకి, చింతపండు వేసి తోముతుంది. మూడుసార్లు చూపించారు. చివరి సీన్లో, అతను అన్నం తినడానికి కూర్చునే ముందు ఆవిడ క్యారియర్ విప్పుతుంది, గిన్నెలు తళతళమంటున్నాయి. గంటా ముప్పై ఒకటో నిమిషం. ఎవరో కడిగి పంపారు. మధ్యాహ్నం పని చోట పంపు కింద గిన్నెలు కడుక్కునే మనిషి కాడని మీరే మూడుసార్లు చెప్పారు. అయితే ఏ ఇంట్లో తిన్నాడు? ఎన్నాళ్ల నుంచి? అతని మౌనం క్షమా, లేక అతని దగ్గరా ఒక లెక్క ఉందా? నలభై ఒకటో నంబరు సీటులో కూర్చున్నది ఆడమనిషే అని నా నమ్మకం, గిన్నెలు తోమినవాళ్లకే అది కనపడుతుంది. ఆమెకి ఆ ఒక్క మెరుపుతో సినిమా అంతా తిరగబడింది. ఆ మౌనానికి మీరు ఇవ్వలేకపోయిన అర్థం ఆమె ఇచ్చుకుంది, శిక్ష అడగకుండానే.

మీరు దాన్ని జోక్ అనుకున్నారంటే అది మీరు పెట్టింది కాదని తెలుస్తోంది. షూటింగ్ చివరి రోజు ప్రాపర్టీ చూసుకునే అబ్బాయి ఎంగిలి గిన్నె ఫ్రేములో బాగుండదని కడిగి పెట్టి ఉంటాడు. కంటిన్యుటీ తప్పు, అంటే ముందు చూపించిన దానికీ దీనికీ పొంతన తప్పడం. దాన్ని సరిదిద్దుతారా, ఉంచుతారా అనేది మీ ఇష్టం. ఉంచితే మాత్రం ఆవిడ ఆ గిన్నె చూసి ఒక్క క్షణం ఆగాలి, ఇప్పుడున్న టేకులో ఆగకుండా పక్కన పెట్టేస్తోంది. ఇంకో టేకు ఏదైనా ఉందేమో వెతకండి. ఆ అబ్బాయిని కూడా అడగండి, గిన్నెలు ఎందుకు కడిగాడో. ఏం చెప్పాడో నాకు రాయండి.